ఏథెన్స్‌లోని డయోనిసస్ రంగశాల: సందర్శకులు తరచుగా అడిగే ప్రశ్నలు

అక్రోపోలిస్ కొండమీద పార్థినాన్ ఆలయం చూడటానికి వెళ్ళేవారిలో చాలామంది, అదే కొండ దక్షిణపు వాలులో ఉన్న రాతిమెట్ల అర్ధవలయాన్ని పైనుంచి ఒక్క ఫొటో తీసుకుని తిరిగి వెళ్ళిపోతారు. ఏథెన్స్ ప్రజాస్వామ్యం రోజువారీగా ఎలా నడిచిందో తెలుసుకోగోరేవారికి పార్థినాన్ కన్నా ఈ మెట్లే ఎక్కువ చెబుతాయని నా నమ్మకం. అందుకే ప్రయాణ వివరాలకన్నా ఈ చోటు నగర జీవితంలో నిర్వహించిన పాత్రకే ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను.

ఈ రంగశాల ఎప్పటిది? ఇప్పుడు కనిపించే రాళ్ళు సోఫోక్లిస్ కాలం నాటివేనా?

కావు. మద్యానికీ నాటకానికీ అధిదేవుడైన డయోనిసస్ ఆలయ ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న ఈ వాలులో క్రీ.పూ. 5వ శతాబ్దంలో విషాదనాటక కర్తలు ఎస్కిలస్, సోఫోక్లిస్, యూరిపిడిస్, హాస్యనాటక కర్త అరిస్టోఫేనిస్‌ల నాటకాలు ప్రదర్శించినప్పుడు జనం కూర్చున్నది ఎక్కువగా చెక్క బల్లలమీద. వాలంతటినీ రాతితో మలచి పెద్ద రంగశాలగా పూర్తిచేసిన ఘనత క్రీ.పూ. 338 తర్వాత సుమారు పన్నెండేళ్ళపాటు నగర ఆర్థిక వ్యవహారాలను నడిపించిన లికర్గస్‌కు దక్కుతుంది. ఆయనే ముగ్గురు విషాదనాటక కర్తల కంచు విగ్రహాలను నిలబెట్టించి, వారి నాటకాలకు అధికారిక ప్రతులు రాయించి నగరం తరఫున భద్రపరిపించాడు. ఆ దశలో ఇక్కడ సుమారు 15,000 నుంచి 17,000 మంది కూర్చోగలిగేవారని అంచనా. మధ్యలో ఇప్పుడు కనిపించే పాలరాతి నేల, దాని చుట్టూ ఉన్న అడ్డుగోడ, చెక్కడపు బొమ్మలున్న వేదిక ముఖభాగం రోమన్ పాలనాకాలంలో చేసిన మార్పులు. శతాబ్దాలపాటు మట్టికింద ఉండిపోయిన కట్టడాన్ని 1862లో జర్మన్ వాస్తుశిల్పి హైన్రిఖ్ ష్ట్రాక్ వెలికితీయించగా, ఆ శతాబ్దం చివరి దశాబ్దాల్లో విల్హెల్మ్ డార్ప్‌ఫెల్డ్ దాని నిర్మాణ దశలను వేరుచేసి చూపించాడు.

కొండవాలునే ఎందుకు ఎంచుకున్నారు?

వేలమందిని వరుసలు వరుసలుగా, ఒకరి తల మరొకరికి అడ్డం రాకుండా కూర్చోబెట్టాలంటే కిందినుంచి పెద్ద ఆధారం కట్టాలి. కొండవాలు ఆ ఆధారాన్ని ఉచితంగా ఇస్తుంది. అంతకుముందు అగోరా అనే నగర కూడలిలో చెక్క బల్లలు వేసి ప్రదర్శనలు జరిపేవారనీ, అవి కూలిపోయాక ఈ వాలుకు మారారనీ పూర్వగ్రంథాలు చెబుతాయి. వాలు మరో మేలు కూడా చేస్తుంది. నటుడినుంచి ప్రతి వరుసకూ అడ్డులేని దారి ఉంటుంది కనుక మాట పైకి చేరుతుంది. నాటకాలు పగటి వెలుతురులో, తెల్లవారుతూనే మొదలయ్యేవి. ప్రేక్షకులు దక్షిణానికి తిరిగి, వేదిక వెనుక ఉన్న దేవుడి ఆలయంవైపు చూస్తూ కూర్చునేవారు.

అయితే వాలు తెచ్చిన ముఖ్యమైన ఫలితం వాస్తుశిల్పానికి సంబంధించింది కాదు. అర్ధవలయంలో కూర్చున్నవారు రంగాన్ని ఎంత చూస్తారో, ఎదుటి వైపు కూర్చున్న తోటి పౌరులనూ అంతే చూస్తారు. ఎవరు చప్పట్లు కొట్టారు, ఎవరు ముఖం తిప్పుకున్నారు అన్నది అందరికీ తెలిసిపోయేది.

ఇక్కడ నాటకాలు మాత్రమే జరిగేవా?

ఈ ప్రశ్నకు జవాబు తెలిసినవారికి ఈ చోటు పూర్తిగా వేరుగా కనిపిస్తుంది. ఏటా వసంతంలో, మార్చి నెలాఖరు ప్రాంతంలో, నగర డయోనిసియా అనే ఉత్సవం జరిగేది. చలికాలం గడిచి సముద్రయానం మొదలయ్యే వేళ కాబట్టి మిత్రరాజ్యాల ప్రతినిధులు, వర్తకులు, విదేశీయులు నగరం నిండా ఉండేవారు. మొదటి నాటకం మొదలుకావడానికి ముందు ఆ జనం కళ్ళముందు కొన్ని కార్యక్రమాలు వరుసగా జరిగేవి.

నగర సైన్యాన్ని నడిపే పదిమంది సేనానులు దేవుడికి పానీయ తర్పణం చేసేవారు. ఏథెన్స్ ఆధిపత్యంలో ఉన్న మిత్రరాజ్యాలు చెల్లించిన కప్పం తాలూకు వెండిని, టాలెంట్ల చొప్పున వేరుచేసి, రంగం మధ్యకు మోయించేవారు. ఒక్క టాలెంట్ అంటే సుమారు 26 కిలోల వెండి. కప్పం కట్టిన నగరాల ప్రతినిధులు ఆ సమయంలో మెట్లమీదే కూర్చుని ఉండేవారు. ఇది మిత్రులను నొప్పించే పద్ధతి అని తర్వాతి తరంలో ఏథెన్స్ రచయిత ఐసోక్రటిస్ ఘాటుగానే విమర్శించాడు. నగరానికి మేలు చేసినవారి పేర్లు చదివి, వారికి కిరీటాలు ప్రకటించేవారు. చివరగా, యుద్ధంలో తండ్రులను పోగొట్టుకుని నగరం ఖర్చుతో పెరిగిన అబ్బాయిలు యుక్తవయసుకు వచ్చిన ఏడాది, నగరం ఇచ్చిన పూర్తి కవచాలు ధరించి జనం ముందు నడిచేవారు. వీరి తండ్రులు యుద్ధంలో వీరమరణం పొందారనీ, వీరిని ప్రజలే పెంచారనీ చాటింపు వేసి, వారిని ముందువరుసల్లో కూర్చోబెట్టేవారు.

ఇక ఆ వెంటనే వేదికమీద ఏం జరిగేదో ఆలోచించాలి. ఓడిన నగరపు స్త్రీల ఏడుపు, అధికారం తలకెక్కిన రాజు పతనం, చట్టానికీ రక్తబంధానికీ మధ్య తీరని సంఘర్షణ. నగరం తన బలాన్ని చాటుకున్న గంటలోనే, అదే చోట, ఆ బలాన్ని ప్రశ్నించే కథలను విన్నది. ప్రాచీన ఏథెన్స్ గురించి నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించే విషయం ఇదే.

నాటకాల ఖర్చు ఎవరు భరించేవారు?

కొంత నగరం, చాలావరకు ధనికులు. ఏడాదికి ఒకసారి ఎంపికయ్యే ఆర్కన్ అనే అధికారి, ఏ కవులకు ప్రదర్శన అవకాశం ఇవ్వాలో తేల్చి, ఒక్కో కవికి ఒక్కో ధనిక పౌరుడిని జతచేసేవాడు. ఈ పౌరుడిని కోరెగోస్ అనేవారు. కోరస్, అంటే పాడుతూ ఆడే బృందం, దాని శిక్షణ, భోజనాలు, వేషాలు అన్నీ అతని బాధ్యత. దీనిని దానమనుకోవడానికి వీల్లేదు, తప్పించుకోలేని పౌరబాధ్యత ఇది. తనకన్నా ధనికుడు ఒకడు తప్పించుకున్నాడని ఎవరైనా భావిస్తే, ఆ బాధ్యత నువ్వు తీసుకో, లేదంటే మనిద్దరి ఆస్తులు మార్చుకుందాం అని సవాలు చేసే హక్కు చట్టమే ఇచ్చింది. క్రీ.పూ. 5వ శతాబ్దం చివర ఒక వ్యక్తి న్యాయస్థానంలో తన లెక్కలు చెబుతూ, ఒక విషాదనాటక కోరస్‌కు 3,000 ద్రాక్మాలు ఖర్చుపెట్టానన్నాడు. నైపుణ్యం గల పనివాడికి రోజుకూలి దాదాపు ఒక ద్రాక్మా ఉన్న కాలం అది.

ఈ ఖర్చుకు ప్రతిఫలం పేరు ప్రతిష్ఠలు. క్రీ.పూ. 472లో ఎస్కిలస్ రాసిన పర్షియన్ల నాటకానికి కోరెగోస్‌గా ఉన్నది అప్పటికి ఇంకా యువకుడైన పెరిక్లిస్. తర్వాత దశాబ్దాలపాటు నగరాన్ని నడిపించిన నాయకుడు ప్రజలకు మొదట తెలిసింది ఈ విధంగానే.

వేదిక ఎక్కేది వృత్తి కళాకారులా?

నటులు క్రమంగా వృత్తికారులయ్యారు గానీ కోరస్‌లో ఉన్నది పౌరులే. క్రీ.పూ. 508 ప్రాంతంలో ఏథెన్స్ నాయకుడు క్లీస్తనీస్ చేసిన సంస్కరణల వల్ల పౌరులందరూ పది విభాగాలుగా ఏర్పడ్డారు. వీటిని తెగలు అంటున్నా, రక్తసంబంధం ఆధారంగా ఏర్పడినవి కావు. తీరం, నగరం, లోతట్టు ప్రాంతాల ఊళ్ళను కావాలని కలగలిపి చేసిన రాజకీయ విభాగాలు. డయోనిసియాలో ప్రతి తెగ 50 మంది పురుషుల బృందాన్నీ, 50 మంది బాలుర బృందాన్నీ దిథిరాంబ్ అనే సామూహిక గానపోటీకి పంపేది. అంటే ఒక్క ఉత్సవంలో, ఆ ఒక్క పోటీలోనే వెయ్యిమంది పాడి ఆడేవారు. దీనికి విషాద, హాస్యనాటకాల బృందాలు అదనం. మెట్లమీద కూర్చున్నవారిలో ఎందరో ఏదో ఒక ఏడు కింద నిలబడి పాడినవారే కావడం వల్ల, ఈ ప్రేక్షకులు లోటుపాట్లు ఇట్టే పట్టగలిగేవారు.

బహుమతి ఎవరికో ఎలా నిర్ణయించేవారు?

లంచాలకూ బెదిరింపులకూ తావులేకుండా చేయడానికి ఏథెన్స్ ప్రజలు తీసుకున్న జాగ్రత్త చూడదగ్గది. పది తెగల నుంచి ముందుగా ఎంపికచేసిన పేర్లను పది కలశాల్లో వేసి, ముద్రవేసి, అక్రోపోలిస్‌లో భద్రపరిచేవారు. పోటీ మొదలయ్యే ముందు ఒక్కో కలశం నుంచి ఒక్కో పేరు తీసేవారు. అలా వచ్చిన పదిమంది తీర్పులు రాసి ఇచ్చాక, అందులోంచి మళ్ళీ అయిదింటిని మాత్రమే చీటీల పద్ధతిలో తీసి లెక్కించేవారు. తన తీర్పు లెక్కకు వస్తుందో రాదో న్యాయనిర్ణేతకే తెలియదు కనుక అతనిని కొనడానికి ఎవరూ తొందరపడరు. నగర కౌన్సిల్ సభ్యులనూ న్యాయస్థానాల జ్యూరీలనూ చీటీలతో ఎంపికచేసిన సూత్రమే ఇక్కడా పనిచేసింది.

క్రీ.పూ. 468లో మాత్రం, తర్వాతి కాలపు జీవితచరిత్రకారుడు ప్లూటార్క్ చెప్పినదాని ప్రకారం, ప్రేక్షకులు రెండు పక్షాలుగా చీలి ఉండటంతో ఆర్కన్ చీటీలు తీయకుండా, రంగంలోకి వచ్చిన సేనాని సైమన్‌నూ అతని తొమ్మిదిమంది సహచరులనూ అక్కడే ఆపి న్యాయనిర్ణేతలుగా కూర్చోబెట్టాడు. ఆ తీర్పులో యువ సోఫోక్లిస్ గెలిచాడు.

ప్రేక్షకులు ఎవరు? టికెట్టు ఉండేదా? స్త్రీలు వచ్చేవారా?

ప్రవేశానికి రుసుము ఉండేది. రెండు ఒబోల్‌లు అని సాధారణంగా చెబుతారు, అంటే ద్రాక్మాలో మూడోవంతు. పేద పౌరులు వెనుకబడకూడదని ఆ సొమ్మును నగరమే ఇచ్చే ఏర్పాటు వచ్చింది. క్రీ.పూ. 4వ శతాబ్దానికి ఈ నిధి ఎంత ప్రియమైనదిగా మారిందంటే, దాన్ని యుద్ధానికి మళ్ళించాలన్న మాటే రాజకీయంగా ప్రమాదకరమైంది. మాసిడోనియా రాజు ఫిలిప్ దూసుకొస్తున్న రోజుల్లో వక్త, రాజకీయ నాయకుడు డెమోస్తనీస్ ఆ విషయాన్ని ఎంతో ఆచితూచి ఎత్తవలసి వచ్చింది.

500 మంది ఉండే కౌన్సిల్ సభ్యులకూ, సైనిక శిక్షణలో ఉన్న యువకులకూ వేరుగా చోట్లు ఉండేవి. పూజారులు, సేనానులు, విదేశీ రాయబారులు ముందువరుసల్లో కూర్చునేవారు. క్రీ.పూ. 346లో ఫిలిప్ పంపిన రాయబారులకు డెమోస్తనీస్ స్వయంగా దిండ్లు వేయించాడని అతని ప్రత్యర్థి ఎస్కినీస్ తర్వాత న్యాయస్థానంలో దెప్పిపొడిచాడు. రంగశాలలో ఎవరు ఎవరికి ఏ మర్యాద చేశారన్నది కూడా రాజకీయమే.

నగరంలో స్థిరపడిన పరదేశులు వచ్చేవారు. ఉత్సవపు ఊరేగింపులో వారికి ఎర్రని వస్త్రాలతో ప్రత్యేక స్థానం కూడా ఉండేది. స్త్రీల విషయంలో పండితులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. వచ్చినా సంఖ్యలో తక్కువని, వెనుక వరుసల్లో ఉండేవారని ఎక్కువమంది భావిస్తారు. ఒకటి మాత్రం స్పష్టం. రాసినవారు, ఆడినవారు, తీర్పు చెప్పినవారు అందరూ పురుషులే. వేదికమీద అంత బలంగా మాట్లాడిన స్త్రీ పాత్రల ముసుగుల వెనుక ఉన్నదీ పురుషులే. ఏథెన్స్ ప్రజాస్వామ్యాన్ని మెచ్చుకునేటప్పుడు, స్త్రీలనూ బానిసలనూ అది బయట ఉంచిన సంగతిని పక్కన పెట్టడం న్యాయం కాదు.

పాలకులను నాటకాల్లో విమర్శించగలిగేవారా?

హాస్యనాటకాల్లో పేరుపెట్టి మరీ విమర్శించేవారు. అయితే హద్దులు లేవని కాదు. పర్షియన్లు మిలేటస్ నగరాన్ని నేలమట్టం చేసిన కొద్దికాలానికే ఫ్రినికస్ అనే కవి ఆ ఘటనను నాటకంగా చూపించగా ప్రేక్షకులంతా కన్నీళ్ళు పెట్టుకున్నారనీ, మన వాళ్ళ కష్టాలను గుర్తుచేసినందుకు అతనికి నగరం 1,000 ద్రాక్మాల జరిమానా వేసి, ఆ నాటకాన్ని మళ్ళీ ఆడకూడదని నిషేధించిందనీ చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. క్రీ.పూ. 426లో అరిస్టోఫేనిస్ విదేశీయుల ముందు నగరాన్ని కించపరిచాడంటూ ప్రజానాయకుడు క్లియాన్ కౌన్సిల్‌లో ఫిర్యాదు చేశాడు. రెండేళ్ళ తర్వాత అదే కవి క్లియాన్‌ను నేరుగా దుయ్యబడుతూ మరో ఉత్సవంలో నాటకం వేసి మొదటి బహుమతి గెలిచాడు. కానీ ఆ తర్వాత కొద్ది వారాలకే అదే ప్రజలు క్లియాన్‌ను సేనానిగా ఎన్నుకున్నారు. నాటకం చూసి నవ్వడం, ఓటు వేయడం వేర్వేరు పనులుగా వారు చూశారని దీనినిబట్టి తెలుస్తుంది.

పౌరసభ ఇక్కడే సమావేశమయ్యేదా?

క్రీ.పూ. 5వ, 4వ శతాబ్దాల్లో పౌరసభ, అంటే పౌరులంతా కూడి నిర్ణయాలు తీసుకునే సభ, మామూలుగా పడమరనున్న నిక్స్ గుట్టమీద జరిగేది. కానీ డయోనిసియా ముగిసిన వెంటనే ఒక ప్రత్యేక సమావేశం ఈ రంగశాలలోనే జరిగేది. ఉత్సవం ఎలా నిర్వహించారు, ఎవరు తప్పుచేశారు అన్నది అక్కడ విచారించేవారు. క్రీ.పూ. 348లో తన తెగ కోరస్‌కు కోరెగోస్‌గా ఉన్న డెమోస్తనీస్‌ను మీడియాస్ అనే ధనికుడు రంగశాలలో అందరి ముందు చెంపదెబ్బ కొట్టాడు. ఉత్సవం తర్వాత ఇదే మెట్లమీద కూర్చున్న ప్రజలు మీడియాస్‌ను తప్పుపడుతూ చేతులెత్తారు.

సైనిక శిక్షణలో మొదటి ఏడాది పూర్తిచేసిన యువకులు రంగశాలలో జరిగే పౌరసభ ముందు విన్యాసాలు చూపి, నగరం చేతుల మీదుగా డాలు, బల్లెం అందుకునేవారని అరిస్టాటిల్ పేరిట ఉన్న ఏథెన్స్ రాజ్యాంగ గ్రంథం చెబుతుంది. అలెగ్జాండర్ తర్వాతి కాలంలో పౌరసభ క్రమంగా ఇక్కడికే తరలివచ్చింది.

ఈ చోటు విలువ ఎంతటిదో చెప్పే వివాదం మరొకటుంది. డెమోస్తనీస్‌కు బంగారు కిరీటం ఇవ్వాలనీ, దాన్ని రంగశాలలో ప్రకటించాలనీ టెసిఫోన్ అనే పౌరుడు ప్రతిపాదించాడు. అలాంటి ప్రకటన పౌరసభలోనే చేయాలి తప్ప నాటకాల వేళ చేయడం చట్టవిరుద్ధమని ఎస్కినీస్ కేసు వేశాడు. క్రీ.పూ. 330లో విచారణ జరిగి, అయిదో వంతు ఓట్లు కూడా రాక ఎస్కినీస్ ఓడిపోయి నగరం వదిలివెళ్ళాడు. ఒక ప్రకటన ఏ మెట్ల ముందు చదవాలన్నది ఇంత పెద్ద కేసు కావడానికి కారణం, గ్రీకు ప్రపంచమంతా వినేది ఇక్కడే కావడం.

ఇతర గ్రీకు నగరాల్లోనూ ఇలాగే ఉండేదా?

చాలాచోట్ల ఉండేది. సిసిలీలోని సిరక్యూస్‌లో, నియంతలను తొలగించిన టిమోలియన్ ముసలితనంలో చూపు కోల్పోయాక కూడా, ముఖ్యమైన నిర్ణయాల వేళ ప్రజలు అతనిని బండిలో రంగశాలకు పిలిపించుకుని సలహా అడిగేవారు. బైబిల్‌లోని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చదివినవారికి ఎఫెసు అల్లరి గుర్తుండే ఉంటుంది. పౌలు సహచరులను జనం ఈడ్చుకెళ్ళింది రంగశాలలోకే. అక్కడ నగర అధికారి వారిని శాంతింపజేస్తూ, ఏమైనా ఉంటే చట్టబద్ధమైన సభలో తేల్చుకోవచ్చునని చెప్పాడు.

వెళ్ళినప్పుడు ప్రత్యేకంగా ఏమేం గమనించాలి?

ముందువరుసలోని పాలరాతి ఆసనాలతో మొదలుపెట్టండి. మొత్తం 67 ఉండేవి, చాలావరకు మిగిలాయి. వాటిమీద ఏ పూజారిది, ఏ అధికారిది అన్న చెక్కుళ్ళు కనిపిస్తాయి. మధ్యలో సింహపు పాదాలతో ఉన్నది డయోనిసస్ పూజారి ఆసనం. దాని పక్కభాగాల్లో కోడిపుంజులతో ఉన్న ప్రేమదేవుడు ఎరోస్ బొమ్మలను వంగి చూడాలి. తర్వాత మెట్లవైపు తిరిగి, నిలువుదారులు కింది భాగాన్ని 13 చీలికలుగా విడదీసిన తీరు గమనించండి. వేదిక ముఖభాగంలో తలలు పోయిన శిల్పాలు డయోనిసస్ జీవిత ఘట్టాలు. వాటిమధ్య బరువు మోస్తున్నట్టు కూర్చున్న, డయోనిసస్ సహచరుడైన సైలీనస్ బొమ్మ చక్కగా నిలిచి ఉంది.

తలెత్తి చూస్తే కొండరాతిలో ఒక గుహ కనిపిస్తుంది. క్రీ.పూ. 320లో విజయం సాధించిన కోరెగోస్ థ్రసిల్లస్ దానిముందు స్మారకం కట్టించాడు. తర్వాత ఆ గుహ మరియమ్మ ప్రార్థనాస్థలమైంది. స్మారకంపై ఉండే డయోనిసస్ విగ్రహం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

పడమటి వైపున్న పెద్ద తోరణాల కట్టడం ఇదేనా?

కాదు. అది క్రీ.శ. 2వ శతాబ్దంలో హెరోడెస్ ఆటికస్ కట్టించిన సంగీతశాల. ఆధునిక కాలంలో కచేరీలు, నాటకాలు జరిగింది అందులో. డయోనిసస్ రంగశాలలో నాటకాలు చూడాలన్న కోరికతో వెళ్ళవద్దు, ఇది సంరక్షణలో ఉన్న పురావస్తు స్థలం. పురాతన రంగశాలలో నాటకం చూడాలంటే వేసవిలో ఎపిడారస్‌కు వెళ్ళాలి. ఏథెన్స్ నుంచి రోడ్డుమీద సుమారు రెండు గంటల ప్రయాణం. అక్కడి 55 వరుసలు మరింత చెక్కుచెదరకుండా ఉన్నాయి. అందంలో ఎపిడారస్‌దే పైచేయి అని ఒప్పుకోవాలి. కానీ అది వైద్యదేవుడి క్షేత్రంలోని రంగశాల. పౌరజీవితపు చరిత్ర కావాలంటే ఏథెన్స్‌కే రావాలి.

నాగార్జునకొండ తవ్వకాల్లో బయటపడిన మెట్ల రంగస్థలానికీ దీనికీ పోలిక ఉందా?

తెలుగువారికి సహజంగా తోచే ప్రశ్న ఇది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో దొరికి, జలాశయంలో మునగకుండా అనుపుకు తరలించి పునర్నిర్మించిన ఆ కట్టడం దీర్ఘచతురస్రాకారంలో ఉంటుంది. నాలుగువైపులా మెట్లు, మధ్యలో పల్లపు రంగం. గ్రీకు రంగశాల ఒకవైపు తెరిచి ఉండి, కొండవాలును ఆనుకుని ఉంటుంది. మెట్లమీద కూర్చుని కిందికి చూడటం ఒక్కటే ఉమ్మడి అంశం.

ఎలా చేరుకోవాలి? ఎప్పుడు వెళ్ళాలి?

మెట్రో రెండో లైనులో అక్రోపోలి స్టేషన్‌లో దిగితే, డయోనిసియు అరియోపాగితు వీధిలో అక్రోపోలిస్ మ్యూజియానికి ఎదురుగా దక్షిణపు ద్వారం ఉంటుంది. అక్రోపోలిస్ టికెట్టులోనే వాలు ప్రాంతం కూడా కలిసి ఉంటుంది. ప్రవేశానికి సమయం కేటాయిస్తారు కాబట్టి గ్రీస్ సంస్కృతి శాఖ అధికారిక టికెట్ల వెబ్‌సైట్‌లో ముందుగానే కొనుక్కోవడం మంచిది. ధరలు, వేళలు మారుతుంటాయి, అక్కడే చూసుకోవాలి. జనవరి 1, మార్చి 25, ఆర్థడాక్స్ ఈస్టర్ ఆదివారం, మే 1, డిసెంబర్ 25, 26 తేదీల్లో మూసి ఉంటుంది. భారత పాస్‌పోర్టుతో వెళ్ళేవారికి షెంజెన్ వీసా అవసరం.

వసంతం, శరత్కాలం అనువైన కాలాలు. జూలై, ఆగస్టుల్లో ఎండ తీవ్రమైనప్పుడు మధ్యాహ్నం కొన్ని గంటలు ఈ స్థలాన్ని మూసివేసిన సందర్భాలు ఇటీవలి ఏళ్ళలో ఉన్నాయి. నీళ్ళు, టోపీ, పట్టున్న బూట్లు తప్పనిసరి. అరిగిన పాలరాయి పొడిగా ఉన్నా జారుతుంది. తాడు కట్టిన చోట్ల దాటకూడదు, ఆసనాలను ముట్టుకోకూడదు. మెట్లు ఎక్కలేని పెద్దలు కింది భాగం వరకు వచ్చినా ముఖ్యమైనవన్నీ కనిపిస్తాయి. కనీసం ఒక గంట ఇక్కడే ఉండి, ఆ తర్వాత పైకి పార్థినాన్‌కు ఎక్కమని నా సలహా.

ఇక్కడినుంచి ఇంకెక్కడికి వెళ్తే ఈ కథ పూర్తిగా అర్థమవుతుంది?

రెండు చోట్లకు. ప్లాకా ప్రాంతంలో, గెలిచిన కోరెగోస్‌లు తమ బహుమతి ముక్కాలిపీటలను ప్రతిష్ఠించిన పాత వీధిలో, లిసిక్రటిస్ స్మారకం ఇప్పటికీ నిలిచి ఉంది. క్రీ.పూ. 335-334లో బాలుర బృందం గెలిచినందుకు కట్టించిన ఆ గుండ్రని పాలరాతి కట్టడంపై ఏ తెగ గెలిచింది, ఎవరు ఖర్చుపెట్టారు, వేణువు ఎవరు వాయించారు, శిక్షణ ఎవరిచ్చారు, ఆ ఏడాది ఆర్కన్ ఎవరు అన్నీ చెక్కి ఉన్నాయి. రెండోది నిక్స్ గుట్ట. అక్కడ వక్తలు నిలబడిన రాతి వేదిక మిగిలింది. అక్రోపోలిస్ చుట్టూ తిరిగే నడకదారిలో రంగశాల నుంచి అక్కడికి నెమ్మదిగా నడిచినా అరగంటలో చేరుకోవచ్చు. ప్రవేశానికి రుసుము లేదు.